నా పేరు మీది కార్డు

జీతం చీటీలో కింది నుంచి మూడో వరస:
నెలకు తొంభై ఏడు రూపాయలు.
ఆరేండ్లుగా కారుతానే ఉంది
కింద ఎవరూ బిందె పెట్టని కొళాయిలా.

బొమ్మసంద్రలో నేను కాలర్లు కుడతా, గంటకు తొంభై.
జిగణిలో నువ్వు రాయికి నునుపు పెట్టినావు, పద్నాలుగేండ్లు.
నీకు కార్డు లేదు, చీటీ లేదు,
మేస్త్రీ నోటి లెక్క తప్ప.
పెద్దోళ్ల ఇండ్లల్లో నేల మీద
ముఖం కనపడేట్టు చేసినావు.
ఇప్పుడు మూడు మెట్లెక్కి గోడ పట్టుకుంటావు,
వెనక వచ్చేవాళ్లకు దారి ఇస్తున్నట్టు నటిస్తావు.

సాకమ్మక్క చెప్పింది,
"నీ కార్డులో మొగుడు కూడా ఉంటాడు కదే."
ఉన్నావు.
పెండ్లి ఫొటోలోంచి కత్తిరించిన తలకాయతో,
తిప్పేస్వామి, వయసు ముప్పై నాలుగు.
ఆ ఫొటోకు దగ్గు లేదు.

డిస్పెన్సరీలో మూడుసార్లు టానిక్కు రాసిచ్చినారు.
నాలుగోసారి చీటీ ఇచ్చినారు:
ఊపిరితిత్తుల డాక్టరుకు చూపించవలెను.
ఏ డాక్టరుకో రాయలేదు.

భోజనానికి అరగంట.
పది నిమిషాలు అన్నం, ఇరవై నిమిషాలు ఫోను.
మెట్ల కింద దారపు డబ్బాల పక్కన
ఒక చెవి మూసుకుని అడుగుతా:
మీ దగ్గర ఊపిరితిత్తుల డాక్టరున్నారా,
ఈఎస్ఐ కార్డు తీసుకుంటారా.
మొదటిదానికి అందరి గొంతులూ తేనె.
రెండోదానికి,
"ఇల్ల."

కన్నడంలో ఇల్ల అంటే లేదు.
చివర ఒక్క కొమ్మిస్తే చాలు, మనకది ఇల్లు.
ఆ వారం ఎన్ని ఇల్లలు తిరిగినానో,
ఒక్కదానికీ తలుపు లేదు.

ఒకచోట పోయిన నెల దాకా తీసుకున్నారంట.
ఒకచోట గుండెకైతే తీసుకుంటారు, ఊపిరికి కాదు.
రెండూ ఒకే ఎదలో పక్కపక్కన అద్దెకుంటాయి కదా సార్ అన్నా,
పెట్టేసినాడు.
ఒకచోట మంచం ఎక్కితే తీసుకుంటారు,
నడిచొస్తే తీసుకోరు.
నువ్వింకా నడుస్తాండావు చూడు, అదే మన తప్పు.

ఒకామె మాత్రం పెట్టేయలేదు.
ఒక్క నిమిషం అని
నిజంగా ఒక్క నిమిషానికే తిరిగొచ్చింది.
"గురువారం ఒక మేడమ్ వస్తారు. ఆరుకే టోకెన్లు.
నేను చెప్పినానని చెప్పొద్దు."
పేరే తెలీనిదాన్ని, ఏమని చెప్తాను.

గురువారం. సగం రోజు కోత.
సిల్కు బోర్డు కూడా ఖాళీగా ఉండే పొద్దున
మొదటి బస్సులో,
కిటికీకి నోరానించి
ఈ ఊరి గాలిలో నీ వాటా ఏరుకుంటా కూర్చున్నావు.
అయినా మనకంటే ముందు నలభై దగ్గులు.
టోకెన్ నలభై ఒకటి.

మేడమ్ మూడు బంతుల డబ్బా ఇచ్చి పీల్చమంది.
ఒక బంతి లేచింది, వణికింది, పడింది.
మిగతా రెండూ కదల్లేదు.
ఎక్స్‌రే వెలుతురుకు పట్టి అడిగింది, ఏం పని?
"రాయికి పాలిషు" అన్నావు
దొంగతనం ఒప్పుకున్నట్టు.
నిజమే మరి. లోపల తెల్లగా, చుక్కలు చుక్కలుగా,
ఎవరి నేలలకో పోవాల్సిన రాయి
ఇంత దాచుకున్నావు.

"ఇది పోదు" అంది మేడమ్.
"ముదరకుండా చూద్దాం."
చూద్దాం. ఆ ఒక్క మాట కోసం
ఎన్ని మధ్యాహ్నాలు అన్నం సగంలో మూసినానో
ఆమెకు తెలీదు.

ఆమె మందులు రాస్తాంటే నాకు దగ్గొచ్చింది.
కొంగు అడ్డం పెట్టుకున్నా.
పెన్ను ఆగింది.
"ఎన్నాళ్ల నుంచి?"
దూది నుసి మేడమ్, ఆదివారం ఉండదు,
సోమవారం పనికి పోతే వస్తుంది, అంతే.
"ఇట్లా తిరుగు."
వీపు మీద చల్లటి బిళ్ల ఆనబోతే
కుర్చీలోంచి లేచి నిలబడినా.

బయట ఇంకా చాలామంది ఉండారు మేడమ్,
నాకు టోకెన్ తీసుకోలేదు.