పిట్ట లెక్క

సంతకాల రోజు
హాగ్‌స్ట్రోమ్ ముసలాయన టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.
వాళ్ల తాత అడవి కొట్టి చేసిన ఎండుగడ్డి చేను,
నాలుగు వందల పన్నెండు ఎకరాలు,
రెండు కొట్టాలు, తుప్పు పట్టిన ఓ ట్రాక్టరు.
"గేటు కొక్కెం కాస్త పైకెత్తి తియ్యాలి" అన్నాడు.
అంతకుమించి ఏమీ అనలేదు.

డబ్బు డ్యాముది.
అంటే, దాని కరెంటు అమ్ముకునే ఆఫీసుది.
సియాటిల్లో ఎవరో రాత్రిపూట ఫ్రిజ్ తలుపు తీస్తే
ఆ వెలుతురులో ఓ నలుసు మా తెగ ఖాతాలో పడుతుంది.

ఎంత పడాలో తేల్చడానికి ఓ లెక్కుంది.
ఆ లెక్క వేసేది నేనే, జీతానికి.
మునిగిపోయిన ఏటి ఒడ్డుని
ఏడు ప్రాణుల పేరు మీద కొలుస్తాం:
ఆకుపచ్చ తల బాతు, కెనడా గూసు, మస్క్‌రాట్,
తెల్లతోక జింక, తెల్లతల గద్ద,
నల్లటోపీ చికాడీ,
గుప్పెట్లో పట్టేంత పసుపు పిట్ట.
పసుపు పిట్టకి పొద ఎన్ని అడుగుల ఎత్తు కావాలి,
ఆకుల నీడ నూటికెంత,
సున్నాకీ ఒకటికీ నడుమ ఓ అంకె వేసి
ఎకరాలతో హెచ్చవేస్తే
బాకీ ఎంతో తేలుతుంది.

డెల్ఫీన్ పెద్దమ్మ నా భుజం మీంచి కాగితం చూసింది.
నీళ్లొచ్చిన ఏడు ఆమెకి ఆరేళ్లు.
"సాల్మన్ ఏదీ?"
చేపలు వేరే శాఖ, పెద్దమ్మా.
"మా నాయనమ్మ గోరీ?"
అది ఇంకో శాఖ.
"మరి నన్ను ఏ జంతువు కింద రాశావ్?"
నా పెన్ను ఆగిపోయింది.
ఆమే నవ్వి, "మస్క్‌రాట్ కింద రాయి,
ఇల్లు మునిగితే అదీ ఇంకోటి కట్టుకుంటుంది" అంది.

పట్టాలో 'శాశ్వతంగా' అని రాసుంది.
చదివి వినిపిస్తుంటే
కౌన్సిల్ గదిలో ఎవరో దగ్గారు.
ఆ మాటతో మాకు పాత పరిచయం.
మా ముత్తాతలు వేలిముద్రలేసిన కాగితాల్లోనూ అది ఉండేది,
ఒక్కసారీ నిండు నూరేళ్లు బతకలేదు.
దాని కిందే ఇంకో షరతు:
ఈ నేల మీద ఎవరూ ఇల్లు కట్టరాదు.
పిట్టలు కట్టొచ్చు.

మార్చిలో ముళ్లతీగ పీకాం.
పదకొండు మైళ్లు. చేతులన్నీ గీతలు.
హాగ్‌స్ట్రోమ్ తాత తవ్విన మురుగు కాలవని
రోలండ్ మూడ్రోజులు మట్టేసి పూడ్చాడు.
నాలుగో రోజు నీళ్లు
అటూ ఇటూ చూసుకోలేదు,
పాత వంపుల్లోకి
అలవాటైన మంచంలోకి ముసలివాళ్లు ఒరిగినట్టు
ఒరిగిపోయాయి.

మూడో వసంతం. పెద్దమ్మని ట్రక్కులో తీసుకొచ్చాను.
మలుపు తిరగ్గానే
పల్లమంతా నీలం.
ఆమె డాష్‌బోర్డు గట్టిగా పట్టుకుంది.
"మళ్లీ ముంచారా?"

కాదు పెద్దమ్మా. పూలు.
కామాస్ పూలు.
మేం నాటలేదు. గడ్డివేళ్ల కింద
ఇన్నేళ్లూ ఊపిరి బిగబట్టుకుని ఉన్నాయి.

చాలాసేపు దిగలేదు.
దిగాక, ట్రక్కు వెనక నుంచి
మనవడు ఇనుప కడ్డీ వంచి చేసిచ్చిన తవ్వుకర్ర లాక్కుంది.
ఒక దుంప తీసింది, మట్టి దులిపింది,
చిన్నదని మళ్లీ పాతేసింది.

ఆ సాయంత్రం ఫారం నింపాను.
పసుపు పిట్ట: ఒకటి. విన్నాను, చూడలేదు.
మిగతా గళ్లు మామూలే.
దుంప చిన్నదని పాతేసిన ముసలమ్మకి
ఏ గడీ దొరకలేదు,
మార్జిన్‌లో తేదీ వేసి ఊరుకున్నాను.

ఒకటి మర్చిపోయాను చెప్పడం.
కంచె పీకినప్పుడు గేటు వదిలేశాం,
కడ్డీలు మరీ లోతుగా దిగున్నాయని.
ఇప్పుడది మైదానం నడుమ ఒంటరిగా నిలబడింది,
అటూ లేదు, ఇటూ లేదు.
పక్కనుంచి నడిచి పోవచ్చు, అందరం అలాగే పోతాం.
పెద్దమ్మ పోలేదు.
కొక్కెం కాస్త పైకెత్తి
గేటు తీసి
లోపలికొచ్చి
వెనక్కి తిరిగి జాగ్రత్తగా వేసింది.