కన్నార్పని గిరాకీ

పొదలకూరులో నాది ఫోటో స్టూడియో.
ముందుగదిలో నీలం తెర, రెండు గొడుగు లైట్లు.
వెనకగది దాటితే పెరడు:
నిమ్మచెట్టొకటి, మునగచెట్టొకటి,
పగిలిన సిమెంటు తొట్లో జైబూన్ నాటిన మల్లె.
ముప్పయ్యేళ్ళు ఆ పెరట్లోకి
చేతులు కడుక్కోడానికి తప్ప పోలేదు నేను.

అందరి చేతుల్లోకీ ఫోన్లొచ్చాక
మధ్యాహ్నాలు పొడుగైనాయి.
ఊరికే కూర్చోలేక
పెళ్ళిళ్ళ కెమెరా మెళ్ళో వేసుకుని
నిమ్మచెట్టు కింద ముక్కాలిపీట వేసుకున్నా.

మొదట చూసింది పిట్టరెట్ట.
ఆకు మీద నల్లగా, నడుమ సున్నం చుక్కతో.
పుల్లతో గీకబోతే
రెట్ట తల తిప్పింది.

అబ్బయా!
ఎన్నేళ్ళు పైపు పెట్టి కడిగేస్తిని ఈ ఆకుల్ని!

లెన్సు ఊడదీసి, తిరగేసి పట్టి చూశా.
మెత్తటి ముళ్ళు, పొట్టి కాళ్ళు,
అంచు నుంచి ఆకుని
దర్జీ కత్తెరలాగా కోసుకుంటా పోతోంది.
వారానికి పచ్చచొక్కా తొడిగింది.
వేలు తగిలితే తల వెనక నుంచి రెండు నారింజ కొమ్ములు,
యార్డులో లారీ కింద నలిగిన కాయల వాసన.

"మందు కొట్టకుంటే చెట్టు మోడే మస్తానా"
ప్రహరీ మీద నుంచి పెంచలమ్మ.
ఆమెది మూడెకరాల నిమ్మతోట, ఆమె లెక్క ఆమెది.
"ఒక్క చెట్టే కదమ్మే" అన్నా.
"పురుక్కి మాత్రం ఎన్ని కావాలంట?" అంది.

తర్వాత ఒకరొకరే వచ్చారు, టోకెన్లు లేకుండా.
తొండ, గడ్డం పైకని నేను అనకముందే పైకెత్తింది.
గోడ మీది ఎగిరే సాలీడుకి ఎనిమిది కళ్ళు,
ఏ కంటికి ఫోకస్ పెట్టాలో తెలీలేదు.
ఒకరోజు, గాలి లేకుండానే
మునక్కాయ ఒకటి కదిలింది.
పసిరికపాము.

కళ్ళు పొడుస్తుందంటారు మా తట్టు.
"పొడిస్తే నీ బేరం ముగిసినట్టే, రా లోపలికి!"
గుమ్మంలో నుంచి జైబూన్.
నేను కదల్లేదు, అదీ కదల్లేదు.
"రెప్ప వెయ్యొద్దు" అని
ఎంతమందికి చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టిందో!
నా సర్వీసులో
కన్నార్పని గిరాకీ ఇదొక్కటే.

రాత్రి కంప్యూటర్లో పెద్దది చేసి చూసుకుంటా.
అలవాటున చెయ్యి
మచ్చలు తుడిచే బొమ్మ మీదికి పోతుంది.
పెళ్ళిచూపుల ఫోటోల్లో
ఎన్ని పుట్టుమచ్చలు మాయం చేశానో ఈ చేత్తో.
ఇక్కడ పొలుసు పక్కన పొలుసు,
ఏది తుడిచినా పాము పాము కాకుండా పోతుంది.
చెయ్యి వెనక్కి తీసుకున్నా.

పచ్చచొక్కా పురుగు ఒక కొమ్మకి ఆనుకుని
నడుముకి సన్నదారం చుట్టుకుంది,
మోకేసుకుని తాటిచెట్టు మీద
వెనక్కి వాలిన గీతగాడిలాగా.
పది పొద్దులు కాపలా కాశా.
పదకొండో తెల్లారి గూడు నల్లబడింది,
లోపల పసుపు చుక్కలు కనబడుతున్నాయి.
కెమెరా ముక్కాలి స్టాండు మీద, వేలు మీట మీద.

"సార్, స్టూడియో తీశారా?"
చేజర్ల పిల్లోడు, తడితల, ఇస్త్రీ చొక్కా.
పరీక్ష దరఖాస్తుకి ఇవాళే ఆఖరు.
రెండు నిమిషాలే కదా అని పోయా.
నాలుగుసార్లు కన్నార్పాడు.

తిరిగొచ్చేసరికి
దారానికి వేలాడే ఉత్త డొల్ల,
కింద ఆకు మీద ఒక తుప్పురంగు చుక్క, ఇంకా తడిగానే.

ఆ చుక్కనే తీశా.
ఫోకస్ బాగా కుదిరింది.

పిల్లోడివి ఎనిమిది కాపీలు అట్టకి అంటించి,
కవర్లో పెట్టి ఇచ్చి,
పైపు మూసేసి, చెంబుతో నీళ్ళు మోసి
మొదట్లో మాత్రమే పోస్తున్నా ఇప్పుడు.
ఆకుల జోలికి పోను.
ఏది రెట్టో, ఏది కాదో.