లోపలికి పలికే అవును

"ఇంగ్లీషు చాలు, ఫరవాలేదు" అంది
స్టాక్‌హోమ్ స్టేషన్లో టికెట్టిచ్చిన పిల్ల.
చాలింది కూడా,
రైలు దిగేదాకా, ఆ పైన రెండు బస్సులదాకా,
పెట్రోలు బంకులో సాసేజీలు వేయించే కుర్రాడిదాకా.
వాడి ఇంగ్లీషు నాకంటే జోరు,
వీడియో గేముల్లో కాల్చి కాల్చి నేర్చినది.

లోమ్‌సెలెలో మాత్రం
బస్టాపు కర్రకి ఒక కాగితం.
అంకెలు తెలిసినవే. పదీ నలభై.
ఆ నలభై నెత్తిన చీమంత అక్షరం ఒకటి కూర్చుంది,
దాని సంగతి అడుగున, వాళ్ల భాషలో.
కూడబలుక్కుని పైకి చదివాను, రెండుసార్లు.
చదవడం వచ్చి అర్థం కాకపోవడమంటే
తాళంచెవి ఉండి తలుపు లేకపోవడం.

పదీ నలభై వచ్చింది. బస్సు రాలేదు.
పదకొండైంది.
అక్టోబరు ఆఖరు. మంచు ఇంకా ఎటూ తేల్చుకోలేదు,
పిండి జల్లించినట్టు కాస్త రాల్చి ఆగిపోతోంది.

ఎర్ర ఇంట్లోంచి ఒకావిడ వచ్చింది,
బకెట్లో బంగాళాదుంప తొక్కలు, కాళ్లకి మగాళ్ల బూట్లు.
నన్ను చూసింది. కాగితాన్ని చూసింది.
"నో బస్" అంది.
ఇంకో మాట కోసం వెతుక్కుంది.
రెండు చేతులూ చెంప కింద పెట్టి
"స్కూల్... స్లీప్."

బడి నిద్రపోయింది!
బడికి సెలవులైతే ఆ బస్సుకీ సెలవని
చీమ పొద్దుట్నించీ చెబుతూనే ఉంది.

ఆవిడ పేరు తీరా.
మా దగ్గర అది పేరు కాదమ్మా,
తీరా వెళ్తే తలుపు తాళం, తీరా చూస్తే జేబు ఖాళీ,
అంతా అయ్యాక ఎదురయ్యే మాట
అని చెబుదామనుకున్నాను. ఏ భాషలో చెప్పను?
ఆవిడ దగ్గరున్న ఇంగ్లీషు ఇంకో రెండు ముక్కలు.
"సిట్" అంది కుర్చీ లాగి.
"హ్యాండ్సప్" అంది తువ్వాలు అందిస్తూ, చేతులు కడుక్కోమని.
టీవీలో గుర్రాల సినిమాల దగ్గర పట్టుకున్నది కాబోలు.

కాఫీలో జున్నుముక్కలు వేసిచ్చింది.
కొరికితే కీచుమన్నాయి.

"రేపైనా బస్సుందా?"
ఇంగ్లీషులో అడిగాను, వేళ్లతో అడిగాను, చక్రాలు గీసి అడిగాను.
ఆవిడ చప్పున గాలి లోపలికి పీల్చింది,
పెదాలు సున్నా చుట్టి, స్‌ప్ మని,
వేడి చారు మొదటి గుక్కలా.
వెనకాల మాట వస్తుందని ఆగాను. రాలేదు.
మళ్లీ అడిగాను. మళ్లీ అదే గాలి.
గుండెనొప్పేమోనని నీళ్ల గ్లాసుతో లేచాను.
ఆవిడ గ్లాసు తీసుకుని
కిటికీలో మొక్కకి పోసింది.

ఫోనులో మనవడు దొరికాడు,
ఉమియోలో పైపులు బిగించే అల్గోట్.
"అవును అంటోంది" అన్నాడు నవ్వాపుకుంటూ,
"మా వైపు అవునంటే అంతే. బయటికి అనక్కర్లేదు.
రెండుసార్లు చెప్పిందట, వినవేం?"

అవునుని మింగేసే మనుషులు!
నేను ఊఁ కొట్టే జాతివాణ్ణి.
ముక్కుతో ఊఁ అంటాం, అహఁ అంటాం,
నాలిక అంగిట్లో తట్టి చ్చొచ్చో అంటాం.
ఏ బడీ నాకివి నేర్పలేదు,
ఏ కాగితం అడుగునా రాసిలేవు.

గుమ్మం దగ్గర విడిచిన బూట్లతోపాటు
ఇంగ్లీషునీ అక్కడే ఉండమన్నాను.
"జున్ను బావుందండీ" అన్నాను తెలుగులోనే.
ఆవిడ తన భాషలో ఏదో అంది, పొడుగ్గా.
మధ్యలో ఒక పేరు వచ్చింది, ఈవర్, మళ్లీ ఈవర్.
తలుపు పక్కనున్న ఆ పెద్ద బూట్ల వైపు చూసింది.
ఊఁ అన్నాను.
ఊఁ అన్నంతసేపూ కథ ఆగలేదు.

మర్నాడు బస్సు వచ్చింది.
డ్రైవరు తీరాకి చెయ్యూపి నన్నేదో అడిగాడు,
అందులో తీరా ఒక్కటే తెలిసింది.
ఇంగ్లీషు నాలిక మీదే ఉంది, అరిగిన చిల్లరలా.
ఎందుకో గాలి పీల్చాను, స్‌ప్ మని.
చలి పళ్లకి తగిలింది.

తమవాణ్ణే అనుకున్నాడో ఏమో
ముప్పై కిలోమీటర్లు స్వీడిష్‌లో చెబుతూనే ఉన్నాడు.
అడవి. అడవి. ఒక రంపపుమిల్లు. అడవి.
ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.
ఆగినప్పుడల్లా అద్దంలోంచి నా వైపు చూస్తాడు,
నేను ఊపిరి లోపలికి తీస్తాను.