గత ఏడాదితో పోలిస్తే

డిసెంబరు ఇరవై ఎనిమిది. తెల్లారేసరికి పట్టిక కావాలంట.
ఎడమ పక్క నేరాల పేర్లు, పైన నెలలు,
మధ్యలో నా చేతిరాత.
కంప్యూటరు ఉంది, కరెంటు లేదు.

హత్యలు నాలుగు.
ఈ వరస ఎప్పుడూ తేలిక. శవం మాట మార్చదు,
పెద్దమనుషులు చెప్పారని రాజీకీ రాదు.
దోపిడీలు రెండు. రెండూ బైపాస్ మీదే,
రెండుసార్లూ రొయ్యల లారీ చెన్నైకి పోతా ఉండింది.
ఇళ్ల దొంగతనాలు ముప్పై ఒకటి: పగలు తొమ్మిది, రాత్రి ఇరవై రెండు.
పొద్దు ఎంత గుంకితే రాత్రి అనాలో
సీఐ గారికీ నాకూ ఓసారి మాట తేడా వచ్చింది.

సెల్‌ఫోన్లు, రొట్టెల పండగ రోజుల్లోనే డెబ్బై రెండు.
మోకాల్లోతు నీళ్లలో నిలబడి
ఉద్యోగం రొట్టెకు రెండు చేతులూ చాచినప్పుడు
జేబు ఎవరు చూసుకుంటారు?
"పోయినవి దొరికే రొట్టె ఏమన్నా ఉందా సార్?"
అడిగాడు ఒక కుర్రోడు, నీళ్లు కారే ప్యాంటుతో.

తప్పిపోయినవారు పదిహేడు, దొరికినవారు పదహారు.
తీసివేత రెండో తరగతిలో నేర్పారు.
మిగిలినదాన్ని యాడ పెట్టాలో చెప్పలేదు.
శుక్రవారం శుక్రవారం ఖాసింబీ వచ్చి
బల్ల చివర కాసేపు కూర్చుని పోతుంది. ఏమీ అడగదు.

ఇతరములు. ఈ గడి మా ఇంటి అటక లాంటిది.
మూలాపేట పెంచలమ్మ తూకం రాళ్లు ఇందులోనే ఉన్నాయి,
కిలో, అరకిలో, పావు.
"విలువెంతమ్మా?" అంటే
"రాళ్లకి విలువేందయ్యా,
అవి లేకపోతే నా వంకాయలకి లేదు గానీ" అనింది.
మూడు వందలు అని రాశాను.

అన్నీ కూడితే రెండు వందల యాభై.
పోయినేడు రెండు వందల ఎనభై ఏడు.
తగ్గుదల, దగ్గర దగ్గర పదమూడు శాతం.
రేపు పెద్దసారు మొహం వెలుగుతుంది.

నేను మాత్రం అడ్డంగా చదివాను.
మే పదిహేడు. జూన్ పద్దెనిమిది.
ఆగస్టు మూడు. సెప్టెంబరు రెండు. అక్టోబరు నాలుగు.

ఆ మూడు నెలలూ దొంగలకేం జ్వరాలు రాలేదు.
మురుగు పైపుల కోసం మా గేటు ముందు నిలువులోతు కాలవ తవ్వి,
బిల్లు రాలేదని కాంట్రాక్టరు కనపడకుండా పోయాడు.
మేం వెనక సందులో ప్రహరీ దూకి డ్యూటీ ఎక్కేవాళ్లం.
జనం అవతలి గట్టున నిలబడి,
కుచ్చెళ్లు ఎగదోపుకుని, లోతు చూసి,
కుచ్చెళ్లు వదిలేసి పోయేవాళ్లు.
ఒకామెకు కన్ను వాచి ఉండింది. చేతిలో మడతపెట్టిన కాగితం.
అవతల నుంచే "అయ్యా" అనింది.
కిటికీ దగ్గర నేను టీ తాగతా ఉన్నాను.
గ్లాసు కింద పెట్టి వచ్చేసరికి లేదు.

నవంబరు ఒకటిన తాటిమొద్దు వేయించాను,
కూలీతో కలిపి రెండొందల యాభై, నా డబ్బే.
నవంబరు: ఇరవై ఆరు.

పట్టిక చివర 'తగ్గుదలకు కారణం' అని
వేలెడంత ఖాళీ ఉంది.
అందులో కాలవ పట్టదు.
'ముమ్మర గస్తీ' సరిగ్గా పడుతుంది.

వాచిన కన్నామె ఇంకా రాలేదు.
మొద్దు కదులుతుందేమోనని
రెండు పక్కలా రాళ్లు ఎగదోయించాను.