ఉప్పు సరిపోయింది

సెగెడ్‌లో, తీసా నది గట్టుకింద
ఆరు బల్లల హోటల్.
శనివారం మధ్యాహ్నం, సన్నగా చినుకు.
మా చెల్లెలు ఎమెషె పరీక్ష గట్టెక్కింది,
మూడోసారికి, క్రేన్ నడిపే లైసెన్సు.
చేపల పులుసు నేను తినిపిస్తానన్నాను.

తలుపు తీయగానే
"కాళ్ళు తుడుచుకోండి" అన్నాడు.
తుడుచుకునే ఉన్నాం. మళ్ళీ తుడుచుకున్నాం.
కిటికీ పక్క బల్ల ఖాళీగా ఉంది.
"అది మీకు కాదు."
ఎవరికని అడగలేదు.
మేం లేచేదాకా అక్కడ
ఒక గొడుగు కూర్చుంది. అతనిదే.

వాలుగ ముక్కలా, గండుచేపా అని
ఎమెషె అడిగింది.
"బోర్డు మీద రాశాం. చదువు వచ్చుగా?"
పక్క బల్ల ముసలాయన రొట్టె నమలడం ఆపి
మావైపు చూసి, గోడవైపు చూసి,
మళ్ళీ నమిలాడు.

పులుసు వచ్చింది.
గిన్నె పెట్టలేదు, పడేశాడు,
మోసుకొచ్చిన కోపం దించుకున్నట్టు.
అంచు దాటిన ఎర్రచుక్క ఒకటి
ఎమెషె తెల్లచొక్కా మణికట్టు మీద పడింది.
ఆమె చూసింది. అతనూ చూశాడు.
రొట్టె తెస్తానని వెళ్ళాడు, తేలేదు.

కానీ ఆ పులుసు!
అబద్ధం ఆడలేను, నోరు ఒప్పుకోదు.
తలలూ ముళ్ళూ ఉల్లిపాయలతో పొద్దున్నుంచీ ఉడికి,
జల్లెడలోంచి దిగి, మిరప్పొడితో చిక్కబడి,
అడుగున చేప జన మెత్తగా,
పైన నూనె తేలి...
మొదటి చెంచాకే చెవుల వెనక చెమట.
నది రుచి అంటారే,
బురద కాదు, లోతు.

రెండో చెంచా మింగుతుంటే వెనకనించి,
"తొందరగా కానివ్వండి, ఇదేం పార్కు కాదు."

ఆ గొంతు నాకు తెలుసు.
పద్నాలుగేళ్ళుగా ట్రాముల్లో టికెట్లు తనిఖీ చేస్తున్నాను.
పాస్ ఇంట్లో మరిచానని సంచి తిరగేసే పిల్లాడితో,
చిల్లర లెక్కపెడుతూ వేళ్ళు వణికే పెద్దామెతో
నేను మాట్లాడేది అచ్చం ఆ గొంతుతోనే.
ఎదటివాళ్ళ మాట పూర్తి కాకముందే
మూసేసే తలుపు అది.
ఇవాళ యూనిఫాం లేదు.
తలుపుకి ఇటువైపు నిలబడడం ఇదే మొదలు.

మూడో చెంచా దిగలేదు.
జల్లెడ పట్టిన పులుసులో ముల్లెక్కడిది,
అయినా గొంతుకి ఏదో అడ్డం పడింది.
మా బోరిష్క అత్త గుర్తొచ్చింది.
ఆవిడకి వంట రాదు.
ఉడికీ ఉడకని బంగాళాదుంపలు కంచంలో వేసి
"తిను, ఇంకోటి తిను, చిక్కిపోయావు" అంటూ పక్కనే కూర్చునేది.
ఆ పచ్చి దుంపలు ముప్ఫయ్యేళ్ళయినా
నాలిక మీదే ఉన్నాయి.

ఎమెషె గిన్నె పక్కకి జరిపింది.
"బాగుంది కదా" అంది, నేరం ఒప్పుకున్నట్టు.
"చాలా బాగుంది" అన్నాను.
ముప్పాతిక మిగిలింది.

డబ్బు కట్టాను. చిల్లర
ఆఖరి నాణెం దాకా ఇచ్చేవరకూ కదల్లేదు.
లేస్తూ అన్నాను: "వండినావిడకి చెప్పండి,
ఇంత మంచి పులుసు నేను..."
"చెప్పడం నా పని కాదు."

తలుపు దగ్గర, ఎందుకో, వెళ్తూ కూడా
కాళ్ళు తుడుచుకున్నాను.
వంటింటి కిటికీ అక్కణ్ణించి కనిపిస్తుంది.
మా గిన్నెలు రెండూ గట్టెక్కాయి.
గోళ్ళలో మిరప్పొడి ఇంకిపోయిన ఒకావిడ
మిగిలినదాని వైపు చాలాసేపు చూసింది.
ఏదో అడిగింది. అతను భుజాలెగరేశాడు.
పెద్ద కుండలోంచి గరిటె తీసి, ఊది,
నాలిక్కి తగిలించి,
కళ్ళు మూసుకుని నిలబడిందావిడ.

సరిపోయిందమ్మా. సరిగ్గా సరిపోయింది.
అద్దం మీద కొట్టి చెబుదామనుకున్నాను.
ట్రామ్ గంట మోగింది.
ఎమెషె నా చెయ్యి లాగింది.

లోపల ఆవిడ డబ్బా మూత తీసి
ఇంకో పిడికెడు వేసింది.