బరువు ఎక్కినప్పుడే

ధర్మాబాద్‌లో మిరపపొడి మిల్లు.
గేటు దాటకముందే దగ్గు.
కాంటా గది నుంచి ఆఫీసుకు ఎనభై మీటర్ల తీగ,
దానిలోంచి పోవాల్సిన తూకం
ఒక్కోసారి పోవడం లేదట.
రోజూ కాదు, ప్రతి బండికీ కాదు.
"గదే బాధ," అన్నాడు మునీమ్‌జీ,
"పూరాగ చచ్చిపోతే కొత్తది కొంటుంటిమి."

ఆఫీసులో కూర్చుని పింగ్ పెట్టాను.
ఉన్నావా అని అడగడం,
ఉన్నానంటే వినడం, అంతే దాని పని.
ఉన్నావా. ఉన్నా. ఉన్నావా. ఉన్నా.
మిల్లీసెకను కూడా పట్టకుండా
వెయ్యిసార్లు అడిగితే వెయ్యిసార్లూ పలికింది.
చాయ్ తాగి వచ్చేసరికి
మూడు చోట్ల జవాబు లేదు.

పోర్టు మార్చాను. స్విచ్చే మార్చాను.
ఒకే చిరునామా రెండు యంత్రాలు వాడుకుంటున్నాయేమోనని
ఒక్కోదాని ప్లగ్గు పీకి చూశాను.
హాజరు మిషన్‌ని అనుమానించాను,
గ్రైండరు మోటారుని,
అది మొదలయ్యేటప్పుడు తన్నే తన్నుని.
మిల్లు ఆగిన రాత్రి
కాంటా గదిలో ఒక్కణ్ణే కూర్చుని
నాలుగు వేల పింగులు లెక్కబెట్టాను.
ఒక్కటీ పోలేదు.
కరెంటుదే తప్పని రాసి
తెల్లారి బస్సెక్కుదామనుకున్నాను.

బిల్లు మీద రాయడానికి మునీమ్‌జీ పేరడిగాను.
గంగాధర్ మామిడ్వార్.
తాత నాటికి మామిడివారు.
గోదారి ఈవల బడి రిజిస్టరులో
దారిన రెండు అచ్చులు పడిపోయాయి,
ఒక ఇ, ఒక ఉ.
"మల్ల అడిగినోళ్లు లేరు," అని నవ్వాడు.

అప్పుడే బాసర దిక్కు నుంచి ట్రాక్టరు వచ్చి
కాంటా ఎక్కింది.
తెర మీద వరస తెగింది.
దిగింది.
ఉన్నా. ఉన్నా. ఉన్నా.

పరిగెత్తాను.
ఇనుప పలక మీద నేనొక్కణ్ణే ఎగిరాను,
అరవై రెండు కిలోలు.
పింగు చెక్కు చెదరలేదు.
హమాలీ నర్సాబాయి ముక్కుకు కట్టిన గుడ్డ దించి
"ఏం జేస్తున్నవ్ బిడ్డా?" అంది.
చెప్పాను.
ఆమె వెనక్కి తిరిగి
సగం తెలుగు సగం మరాఠీలో కేకేసింది.
పందొమ్మిది మంది వచ్చారు,
కనుబొమ్మల దాకా ఎర్రటి మనుషులు.
భుజం భుజం రాసుకుంటూ నిలబడ్డారు.
వెయ్యిన్ని ముప్పై కిలోలు.
ఇంకా పలుకుతూనే ఉంది.
"బస్తాలు ఎత్తుకుందాం తియ్," అందామె.
ఎత్తుకున్నారు.
ఆఫీసులోంచి మునీమ్‌జీ:
"పోయింది! పోయింది!"
ఆ మాట అంత సంబరంగా ఎవరూ అనగా వినలేదు.

కదలొద్దని చెప్పి
పలక అంచున బోర్లా పడుకున్నాను.
టార్చి వెలుగులో, ఇనుము పెదవి కింద నలిగి
తొడుగు చిట్లిన తీగ,
లోపల తెగీ తెగని ఆకుపచ్చ పోగు.
బరువు దిగితే కలుస్తోంది, ఎక్కితే విడుతోంది.
ఖాళీగా ఉన్నప్పుడు ఎలా ఉన్నావని అడిగితే
బాగున్నాననే కదా చెబుతుంది.

కోశాను. ఎనిమిది రంగులూ వరసన పేర్చి
కొత్త తల బిగించి, ఇనుప గొట్టంలో దూర్చాను.
అందరూ వెళ్లారు. నర్సాబాయి వెళ్లలేదు.
"మరి పోయిన చీటీలు?"

ఎత్తుడు కూలి తూకం చీటీ మీదే.
చేరని తూకానికి చీటీ లేదు.
పోయిన పింగు మళ్లీ పంపబడదు, అని
నాకు వచ్చిన విద్యేదో చెప్పబోయాను.
ఆమె నా చెయ్యి పట్టుకుని
కాంటా గది వెనక్కి తీసుకుపోయింది.

గోడ నిండా మిరప వేలితో గీసిన గీతలు,
బండికొకటి,
శివరాత్రి నుంచి.

మునీమ్‌జీ రిజిస్టరు తెచ్చాడు.
గోడ మీద రెండు వందల పద్నాలుగు.
పుస్తకంలో రెండు వందల ఆరు.
కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ మొదలుపెట్టాడు.

ఆ రాత్రి నేను నాలుగు వేలు లెక్కబెట్టింది
ఈ గోడకే, లోపలి వైపు,
వీపు ఆనించి.