ఏ ముక్కల తప్పున్నది

నయీంనగర్ల జిరాక్స్ దుకాణం మీది అంతస్తు.
ఫ్యాను తిరుగుతది గాని గాలి రాదు.
సదానందం సారు బోర్డు మీద ఒక వాక్యం రాసి
నాలుగు ముక్కలు చేసి
ఏ ముక్కల తప్పున్నదో చెప్పుమంటడు.

నాది ఆఖరి బెంచి.
రాత్రంతా ఎనుమాముల యార్డుల మిర్చి బస్తాలు దించి
పొద్దుగాల తానం చేసి వచ్చినా
నా పక్కన కూసున్నోళ్లు తుమ్ముతరు.
నస్రీన్ మాత్రం తుమ్మి, నవ్వి,
పెన్ను ఇచ్చి,
మళ్లా తుమ్ముతది.

ముందుగాల ఆర్టికిల్స్.
మొదటిసారి చెప్పే మనిషికి 'ఏ' పెట్టాలె,
ఎరుకైనంక 'ది' పెట్టాలె అన్నడు సారు.
అడ్తి సేటు పద్దుల ఎనిమిదేండ్లాయె,
నేను ఇంకా 'ఏ' నే.
ఎవడో ఒక హమాలి.
'ఆ ఓదెలు' అని ఎవరన్న ఒక్కపారి అంటే
నాకు 'ది' వచ్చినట్టే లెక్క.

సిన్స్, ఫర్.
మనకు 'సంది' ఒక్కటే, అన్నింటికీ సరిపోతది.
వాళ్లకు అట్ల కాదు:
మొదలైన దినం తెలిస్తే సిన్స్,
ఎంత కాలమో తెలిస్తే ఫర్.
నేను ఫర్ అనే రాసుకున్న.
కాలం ఎంతో తెలుసు.
ఏ దినం మొదలువెట్టిననో యాదికి లేదు.
వానాకాలమా,
నాయిన నడుం పట్టేసిన ఎండకాలమా,
ఒక్క రాత్రి కోసం పోయిన. గంతే.

'ఆల్దో' రాసినంక 'బట్' రావద్దట.
కష్టపడ్డా కానీ ఫేలైండు,
మన దిక్కు మాట్లాడే తీరే గిది.
సారు 'బట్' మీద అడ్డంగ గీత గొట్టిండు.
వాక్యం సాఫైంది.
వాడు మాత్రం ఫేలే.
క్లాసంతా నవ్వింది.
పోయిన యేడు ఒకటిన్నర మార్కుతోని పోగొట్టుకున్న నేను
అందరికన్న గట్టిగ నవ్విన.

'అండ్' సంగతి అడిగితే సుద్దముక్క పక్కకు పెట్టిండు.
"మనకు అండ్ అక్కరలేదురా.
అమ్మా నాయినా అంటం,
నువ్వూ నేనూ అంటం.
గొంతు జర సాగితే రెండూ కలుస్తయి."
ఆ మాట పరీక్షల రాదు.
అదొక్కటే నోటుబుక్కుల రెండుసార్లు రాసుకున్న.

ఐదో జవాబు ఒకటుంటది: తప్పు లేదు.
దానికి టిక్కు పెట్టాలంటే నాకు చెయ్యి రాదు.
కాంటా కాడ తూకం సరిగ్గున్నదని ఎవడన్న అంటే
ఇంకోపారి తూచుమనే ఇంట్ల పుట్టిన.

ప్రిపొజిషన్ల కాడ పూరా ఆగిపోత.
మనకు మీద, కింద, లోపట
మాట ఎనుక నడుస్తయి, బండెనుక పోరగాండ్ల లెక్క.
ఇంగ్లీషుల ముందట నడుస్తయి,
జెండా పాటప్పుడు సేట్ల లెక్క.
బస్తా నా మీద ఉన్నదా?
నేను బస్తా కింద ఉన్ననా?
ఆన్ పెట్టినా తప్పు లేదు, అండర్ పెట్టినా తప్పు లేదు.
నలభై కిలోలు.
నస్రీన్ అన్నది:
"చెప్పెటోడు ఏడ నిలవడి చూస్తున్నడో
దాన్నిబట్టి మారుతది."

ఆ రాత్రి కోల్డ్ స్టోరేజీ గేటు కాడ లారీ లేటు.
రేకు బోర్డు దిక్కు చూసిన, రోజూ చూసేదే.
బివేర్ ఫ్రమ్ డాగ్స్.
రాసినోడు తెలుగుల అనుకున్నడు, పాపం,
కుక్కల నుంచి పైలం అని.
రెండో ముక్క. దొరికింది.
బస్తాల మీద నంబర్లేసే సుద్దతోని
ఫ్రమ్ కొట్టేసి పైన ఆఫ్ రాసిన.
చేతి కారం కంటికి తగిలి
నీళ్లు ఆగుతలేవు,
అక్షరం జర వంకరొచ్చింది.
పొద్దుగాల సూపర్‌వైజర్ చూస్తే
ఎవడ్రా గిది రాసింది అంటడు.
ఎవడో ఒకడు.

బోర్డు కింద పండుకున్న కుక్క
ఒక కన్ను తెరిచి నన్ను చూసింది,
తోక రెండుసార్లు నేలకు కొట్టి
మళ్లా పండుకున్నది.
దాని లెక్కల నేను
ఎప్పుడో 'ది' అయిన.

లారీ వచ్చింది.
వంగిన.